రాజుకు ఫ్లూటు, యువరాజుకు గాంబా: బెర్లిన్ దర్బారులో ఒక వాద్యం ఎలా బతికింది, ఎలా పోయింది

క్లుప్తంగా

కాళ్ళ మధ్య పట్టుకుని కమానుతో వాయించే తీగవాద్యం వయోలా ద గాంబా. దాన్ని ఇటలీ ఎప్పుడో వదిలేసింది, ఫ్రాన్సు కూడా వదిలేస్తోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1740 తర్వాత, జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజధాని బెర్లిన్‌లో దానికోసం చాలా కష్టమైన కాన్సర్టోలు (ఒక్క విద్వాంసుడు, వాద్యబృందం మార్చి మార్చి వాయించే రచనలు) పుట్టాయి. ఒక అసాధారణ విద్వాంసుడు, ఆయన పక్కనే పనిచేసిన రచయితలు, ఆ తర్వాత అదే వాద్యం నేర్చుకున్న ఒక యువరాజు దీనికి కారణం. వాద్యం అంత కొద్దిమంది మీద ఆధారపడింది కాబట్టి 1770ల మొదట్లో ఆ విద్వాంసుడు, ముఖ్య రచయిత పోయి, యువరాజు వేరే వాద్యం పట్టగానే అదీ పోయింది. ఆ సంగీతం అచ్చుకాలేదు. చేతిరాత ప్రతులు యుద్ధంలో చేతులు మారి, 2001లో గానీ తిరిగి బెర్లిన్ చేరలేదు.

రెండు పుకార్లు

యూరప్ పాత సంగీతం వినడం మొదలుపెట్టినవాళ్ళకు యూట్యూబ్‌లోనో సీడీ అట్ట మీదో వయోలా ద గాంబా తగలగానే రెండు మాటలు చెవిన పడతాయి. ఒకటి, అది చెల్లోకు (వయొలిన్ కుటుంబంలోని పెద్ద మంద్ర వాద్యానికి) తాత. రెండు, చెల్లో గొంతు పెద్దది కాబట్టి గాంబా దాని ముందు నిలవలేక పోయింది. మొదటిది తప్పు, రెండోది సగం నిజం.

ఆ రెండో సగం ఎక్కడ కుదరదో బెర్లిన్‌లో బాగా తెలుస్తుంది. గొంతు చిన్నదవడమే కారణమైతే, పెద్ద ఒపేరా హాలు కట్టి, నలభైమంది వాద్యకారులను పెట్టుకున్న దర్బారులో గాంబాకు అసలు చోటే ఉండకూడదు. చోటు దొరికింది సరికదా, వాయించేవాళ్ళకు ఇప్పటికీ చెమటలు పట్టించే సంగీతం దానికోసం అక్కడే తయారైంది.

మెట్లున్న వాద్యం, తిరగేసి పట్టిన కమాను

గాంబా అంటే ఇటాలియన్‌లో కాలు. వాయించే మనిషి కుర్చీలో కూర్చుని వాద్యాన్ని రెండు పిక్కల మధ్య నొక్కి పట్టుకుంటాడు. ఇప్పటి చెల్లో కింద ఉండే ఇనుప మేకులాంటిది దీనికి లేదు, బరువంతా కాళ్ళదే. తీగలు ఆరు. ఫ్రాన్సులో 17వ శతాబ్దం రెండో సగంలో మంద్ర స్థాయిలో ఏడోది చేరింది. అన్నీ గొర్రె పేగు తీగలే. బాగా మంద్రంలో పలికే వాటికి పైన సన్నటి లోహపు తీగ చుట్టేవారు.

మెడ మీద ఏడు మెట్లు ఉంటాయి. వీణ మెట్లలాగా మైనంలో కూర్చినవి కావు. సితార్ మెట్లలాగా కట్టినవే, కాకపోతే లోహం బదులు పేగు దారం. దాన్ని మెడ చుట్టూ తిప్పి బిగించి ముడేస్తారు. శ్రుతి కాస్త తేడాగా ఉంటే ముడి విప్పకుండానే వేలితో వెంట్రుకవాసి జరుపుకోవచ్చు. వేలు మెట్టు మీద పడుతుంది కాబట్టి నొక్కిన తీగ కూడా వదిలేసిన తీగలాగే స్పష్టంగా మోగుతుంది. గాంబా నాదంలో ఉండే ఆ సన్నటి మెరుపుకు చాలావరకు ఇదే కారణం.

శ్రుతి చేసే పద్ధతి వేరు. పక్కపక్క తీగల మధ్య దూరం స నుంచి మ వరకు ఉంటుంది, మధ్యలో ఒక్కచోట మాత్రం స నుంచి అంతర గాంధారం వరకు. చెల్లోకు నాలుగే తీగలు, వాటి మధ్య దూరం స నుంచి ప. వినడానికి ఇది చిన్న లెక్కలా ఉంటుంది గానీ చేతికి వచ్చేసరికి తేడా పెద్దది. తీగలు దగ్గర దగ్గర శ్రుతుల్లో ఉండటంతో గాంబా మీద చెయ్యి కదపకుండానే మూడు, నాలుగు, ఒక్కోసారి ఆరు స్వరాలు కలిపి మీటినట్టు పలికించవచ్చు. చెల్లో మీద అదే పనికి వేళ్ళు బాగా సాగదీయాలి, అదీ కొన్ని కలయికలకే కుదురుతుంది.

కమాను పట్టు ఇంకా వింత. వయొలిన్, చెల్లో వాయించేవాళ్ళ అరచెయ్యి కిందికి ఉంటుంది. గాంబాలో అరచెయ్యి పైకి తిరిగి ఉంటుంది, వేళ్ళు కమాను వెంట్రుకలనే తాకి నొక్కుతాయి. ఆ నొక్కుడుతో వెంట్రుకల బిగువును స్వరం సాగుతుండగానే మార్చవచ్చు. వయొలిన్ కుటుంబంలో కమానును లాగేటప్పుడు ఊపు వస్తే, గాంబాలో తోసేటప్పుడు వస్తుంది. వీపు బల్లపరుపుగా, పలకలు పల్చగా ఉండటంతో వాద్యం తేలికగా పలుకుతుంది. గదిలో పక్కన కూర్చున్నవాళ్ళకు ప్రతి గీతా వినిపిస్తుంది. రెండువందల మంది ఉన్న హాల్లో వెనక వరుసకు అది చేరదు.

గాంబాకూ చెల్లోకూ చుట్టరికం కలపాలంటే పక్కింటి పెద్దాయన అనొచ్చు. తాత మాత్రం కాదు. చెల్లోది వయొలిన్ ఇల్లు. గాంబాది 15వ శతాబ్దం చివర స్పెయిన్, ఇటలీ ప్రాంతాల్లో మొదలైన వేరే ఇల్లు. రెండు కుటుంబాలూ రెండొందల ఏళ్ళకు పైగా పక్కపక్కనే బతికాయి.

తండ్రి మూసేశాడు, కొడుకు తెరిచాడు

ప్రష్యా రాజ్యంగా మారింది 1701లో. తొలి రాజుకు ఆడంబరం మోజు, మంచి వాద్యబృందం ఉండేది. 1713లో గద్దెనెక్కిన మొదటి ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్‌కు సైన్యమే లోకం. బృందాన్ని వెంటనే రద్దు చేశాడు. పని పోయిన వాద్యకారుల్లో కొందరు కోథెన్ అనే చిన్న సంస్థానంలో చేరారు. అక్కడి యువ ప్రభువు లియోపోల్డ్‌కు సంగీతం పిచ్చి, స్వయంగా గాంబా వాయించేవాడు. 1717లో ఆయన దగ్గర కొలువుకు వచ్చినవాడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్.

బాఖ్ 1721లో బెర్లిన్‌లోని మార్గ్రేవ్ (రాజవంశపు బిరుదు) క్రిస్టియన్ లుడ్విగ్‌కు అంకితమిచ్చిన ఆరు కాన్సర్టోల్లో చివరిదానికి వయొలిన్లు లేవు. రెండు వయోలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, కింది గొంతువి) పరుగులు పెడతాయి, రెండు గాంబాలు నెమ్మదిగా తోడు నడుస్తాయి. అంతకుముందు తరంలో ఇది తలకిందుల వ్యవహారం: గాంబా విద్వాంసుడికి గౌరవం, వయోలా వాయించేవాడికి వెనక వరుస. ప్రభువు తనే వాయిస్తాడు కాబట్టి బాఖ్ గాంబా భాగాన్ని తేలికగా ఉంచాడని కొందరి ఊహ. ఏదైనా, 1721 నాటికి గాంబా గౌరవంగా పక్కకు జరుగుతున్న వాద్యమన్నమాట. తర్వాత ఇరవై ఏళ్ళకు అదే బెర్లిన్‌లో జరిగినది దీనికి పూర్తిగా ఉల్టా.

సైనికరాజు కొడుకు ఫ్రెడరిక్ తండ్రికి ఇష్టం లేకుండా ఫ్లూటు నేర్చుకున్నాడు. యువరాజుగా రుప్పిన్‌లో, తర్వాత రైన్స్‌బెర్గ్‌లో ఉన్నప్పుడే సొంత బృందం కూర్చుకోవడం మొదలుపెట్టాడు. 1732లో వయొలిన్ విద్వాంసుడు యోహాన్ గాట్లీబ్ గ్రౌన్, మరుసటేడు ఫ్రాంజ్ బెండా, 1735లో గ్రౌన్ తమ్ముడు కార్ల్ హైన్రిష్ వచ్చి చేరారు. 1740లో రాజయ్యాక అన్నీ వేగంగా జరిగాయి. అన్న గ్రౌన్ వాద్యబృందానికి నాయకుడు, తమ్ముడు గ్రౌన్ ఒపేరాలకు అధికారి. డ్రెస్డెన్ నుంచి ఫ్లూటు గురువు క్వాంట్స్‌ను 1741లో ఏకంగా ఏడాదికి 2,000 టాలర్ల (అప్పటి వెండి నాణేల) జీతంతో రప్పించారు. 1742 డిసెంబరు 7న కొత్త ఒపేరా హాలు తెరుచుకుంది.

క్వాంట్స్ జీతం పక్కన హార్ప్సికార్డ్ (పియానోకు ముందున్న, తీగలు మీటే కీబోర్డు వాద్యం) వాయించే కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్ జీతం పెడితే దర్బారు లెక్క తెలుస్తుంది. బాఖ్ పెద్దాయన రెండో కొడుకైన ఈయనకు మొదట్లో ఏడాదికి 300 టాలర్లు. క్వాంట్స్‌కు తను రాసిన ప్రతి కొత్త రచనకు, చేసి ఇచ్చిన ప్రతి ఫ్లూటుకు పైన వేరే డబ్బు. రాజుకు ఏది ఇష్టమో దానికి ధర పలికేది. గాంబా రాజు వాద్యం కాదు.

హెస్సే రాక

1741లోనే గాంబా విద్వాంసుడు లుడ్విగ్ క్రిస్టియన్ హెస్సే బెర్లిన్ బృందంలో చేరాడు. పుట్టింది 1716లో, డార్మ్‌స్టాట్‌లో. తండ్రి ఎర్న్‌స్ట్ క్రిస్టియన్ హెస్సే అక్కడి సంస్థానంలో గాంబా విద్వాంసుడు. ఆయనను సంస్థానం వాళ్ళు 17వ శతాబ్దం చివర్లో ప్యారిస్ పంపి చదివించారు. అప్పట్లో ప్యారిస్‌లో ఈ వాద్యానికి ఇద్దరు మహామహులు: మారిన్ మారే, ఆంత్వాన్ ఫోర్‌కెరే. ఒకరు దేవదూతలా వాయిస్తారని, ఇంకొకరు దెయ్యంలా వాయిస్తారని పేరు. తండ్రి హెస్సే ఇద్దరి దగ్గరా వేర్వేరు పేర్లతో చేరాడట. నా శిష్యుడు గొప్పంటే నా శిష్యుడు గొప్పని గురువులిద్దరూ పందేనికి దిగితే, చివరికి ఇద్దరి శిష్యుడూ ఒక్కడేనని బయటపడిందట. కథ మరీ కుదురుగా ఉంది కాబట్టి కాస్త అనుమానంగానే వినాలి. అయితే ఫ్రెంచి గాంబా బాణీ మొత్తం ఆ తండ్రి చేతుల మీదుగా జర్మనీకి వచ్చి కొడుకుకు చేరిందన్నది మాత్రం నిజం.

ఆ బాణీలో ఏముంది? కలిపి పలికే స్వరాల గుత్తులు, కమాను నొక్కుడుతో ఒకే స్వరాన్ని ఉబ్బించి తగ్గించడం, ఎడమచెయ్యి వీలైనంతసేపు ఒకేచోట నిలిపి స్వరాలను మోగుతూ ఉండనివ్వడం. ఫ్రెంచివాళ్ళు దీన్ని చిన్న చిన్న నాట్యరచనల్లో, గదిలో వినే సంగీతంలో వాడారు.

బెర్లిన్‌లో హెస్సేకు ఎదురైన అన్న గ్రౌన్ వేరే బడిలో చదివాడు. డ్రెస్డెన్‌లో పిసెండెల్ దగ్గర నేర్చుకుని, ఇటలీ వెళ్ళి పాదువాలో తార్తీని దగ్గర వయొలిన్ సాధన చేశాడు. ఇటాలియన్ కాన్సర్టో అంటే పరుగు: బృందమంతా ఒక ఇతివృత్తాన్ని గట్టిగా వాయిస్తుంది, మధ్య మధ్యలో ఒక్క విద్వాంసుడు లేచి గమకాలు, వేగాలు చూపిస్తాడు, మళ్ళీ బృందం అందుకుంటుంది.

బెర్లిన్ గాంబా సంగీతం ఈ రెండింటి సంబంధం వల్ల పుట్టింది. ప్యారిస్ చెయ్యి, పాదువా ఊపు. ఫ్రెంచివాళ్ళకు గాంబా కాన్సర్టోలు పెద్దగా లేవు, ఇటలీవాళ్ళకు గాంబా విద్వాంసులు మిగల్లేదు. రెండూ ఒకే జీతాల పట్టీలో కనిపించింది ఇక్కడే. లైప్‌జిగ్‌లో వారపత్రిక నడిపిన హిల్లర్ 1766లో హెస్సేను ఆ కాలపు యూరప్‌లో అందరికన్నా గొప్ప గాంబా విద్వాంసుడిగా లెక్కగట్టాడు.

దాదాపు అదే సమయంలో క్వాంట్స్ ఏం రాశాడో చూస్తే దర్బారులో గాంబా అసలు స్థానం అర్థమవుతుంది. 1752లో వచ్చిన ఆయన ఫ్లూటు గ్రంథంలో పక్కవాద్యాల వాళ్ళు ఎలా వాయించాలో చెప్పే పెద్ద అధ్యాయం ఉంది. వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్, కీబోర్డు, ఒక్కోదానికి ఒక్కో భాగం. గాంబాకు లేదు. బృందం పనికి అది అక్కర్లేదు. హెస్సే అక్కడ ఉన్నది ఒంటరి విద్వాంసుడిగానే.

గ్రౌన్ కాన్సర్టోలో గాంబా ఏం చేస్తుంది

చిన్న గొంతు వాద్యాన్ని వయొలిన్ల ముందు నిలబెట్టడం ఎలాగన్నది రచయితకు మొదటి చిక్కు. గ్రౌన్ చేసిన ఏర్పాటు సులువైనదే. బృందం గట్టిగా ఆరంభిస్తుంది. గాంబా అందుకోగానే పక్కవాద్యం పల్చబడుతుంది: వయొలిన్లు మెల్లగా, పొడి పొడిగా, ఒక్కోసారి మంద్ర వాద్యం ఒక్కటే తోడు. గాంబా ఆపగానే బృందం మళ్ళీ మీద పడుతుంది. వినేవాడి చెవి పెద్దదీ చిన్నదీ మార్చి మార్చి వింటూ, చిన్న గొంతుకు తనే సర్దుకుంటుంది.

రెండోది, గాంబాను కింద ఉంచకపోవడం. పాత బృందాల్లో గాంబా మంద్రంలో ఆధారస్వరం పట్టి ఉండేది. గ్రౌన్ దాన్ని పై తీగల మీదికి, మెట్లు అయిపోయిన తర్వాతి ఖాళీ మెడ మీదికి ఎక్కిస్తాడు. అక్కడ వేలికి మెట్టు ఆసరా ఉండదు, వయొలిన్‌లాగా చెవిని నమ్ముకోవాల్సిందే. ఆ ఎత్తు నుంచి ఒక్క ఉదుటున మంద్ర తీగకు దూకి, మూడు తీగల మీద గుత్తి కొట్టి, మళ్ళీ పైకి ఎగబాకడం లాంటివి వరసగా వస్తాయి. చెల్లో అయితే ఆ గుత్తుల దగ్గర తడబడేది, వయొలిన్‌కు ఆ లోతు లేదు. వాద్యానికి ఏది వీలో అది తెలిసి రాసిన సంగీతం ఇది. పక్కనే కూర్చుని హెస్సే చెయ్యి చూడకుండా ఇలా రాయడం కష్టం.

కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్ దారి వేరు. ఆయన గాంబాకు మూడే సొనాటాలు (ఒకటి రెండు వాద్యాల కోసం కొన్ని భాగాలుగా సాగే రచనలు) రాశాడు: 1745లో సి మేజర్, 1746లో డి మేజర్, 1759లో జి మైనర్. మొదటి రెండూ బెర్లిన్ అలవాటు ప్రకారం నెమ్మదిగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, మధ్యస్థమైన పాటలాంటి నడకతో ముగుస్తాయి. వాటిలో హార్ప్సికార్డ్ పని పక్కవాద్యం పని. మూడోది వచ్చేసరికి పద్నాలుగేళ్ళు గడిచాయి, ఏడేళ్ళ యుద్ధం నడుస్తోంది. అందులో కీబోర్డు కుడిచెయ్యి గాంబాతో సమానంగా వాదిస్తుంది. ఒకరు అడిగితే ఇంకొకరు సగంలో అందుకుంటారు. హఠాత్తుగా ఆగడం, అనుకోని స్వరం మీద నిట్టూర్చడం, మళ్ళీ కోపంగా లేవడం లాంటి ఆయన గుర్తులన్నీ ఇక్కడున్నాయి. మనసులో మాట చెప్పే తరహా సంగీతం ఆయన సొత్తు. క్షణక్షణం బిగువు మార్చగల కమాను ఉన్న గాంబాకు అది అతికినట్టు సరిపోయింది. ఈ మూడూ విన్నాక ఆయన ఇంకా ఎందుకు రాయలేదా అనిపిస్తుంది. ఒక్కడి కోసం ఎన్నని రాస్తారు?

ఈ సంగీతమంతా రాజు ఎదుటే మోగేదనుకోవడానికి లేదు. ఫ్రెడరిక్ సాయంత్రం కచేరీలు ఎక్కువగా క్వాంట్స్ రచనలతో, తన సొంత ఫ్లూటు సొనాటాలతో గడిచేవి. క్వాంట్స్ కాన్సర్టోలే మూడొందల వరకు, రాజు సొనాటాలు నూటికి పైనే. బెర్లిన్‌లో వేరే గదులూ ఉండేవి. దర్బారు బాస్ వాద్యకారుడు యానిచ్ ఇంట్లో శుక్రవారం కచేరీలు జరిగేవి, రాజు చెల్లెలు అమాలియా దగ్గర వేరే బృందం ఉండేది. ఆమె కొలువులో ఉన్న షాఫ్రాట్ కూడా గాంబాకు రాశాడు.

ప్యారిస్, లండన్, మ్యూనిక్‌లో జరిగింది

బెర్లిన్‌ను విడిగా చూస్తే అద్భుతంలా కనిపిస్తుంది. పక్క ఊళ్ళతో కలిపి చూస్తే ఎక్కడైనా ఒకటే నియమం కనిపిస్తుంది.

ప్యారిస్‌లో 1725 నుంచి టికెట్ కొని వినే కచేరీలు మొదలయ్యాయి. హాలు పెద్దది, ఇటాలియన్ వయొలిన్లకు చప్పట్లు. 1740లో ఉబెర్ ల బ్లాన్ అనే లాయరు గాంబాను వయొలిన్ దాడి నుంచి, చెల్లో పొగరు నుంచి కాపాడాలంటూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పుస్తకమే అచ్చువేయించాడు. అలాంటి వకాల్తా పుట్టిందంటేనే కేసు ఓడిపోతోందని అర్థం. లండన్‌లో కార్ల్ ఫ్రీడ్రిష్ అబెల్ గాంబాను 1787లో చనిపోయేదాకా నిలబెట్టాడు. కోథెన్‌లో బాఖ్‌తో పనిచేసిన గాంబా విద్వాంసుడి కొడుకే ఈ అబెల్. ఆయన తర్వాత ఆ వాద్యాన్ని అందుకున్నవాళ్ళు లేరు. మ్యూనిక్‌లో బవేరియా పాలకుడు మూడో మాక్సిమిలియన్ యోసెఫ్ తనే గాంబా వాయించేవాడు. 1772లో అక్కడికి వెళ్ళిన ఇంగ్లీషు సంగీత చరిత్రకారుడు బర్నీ ఆయన వాదనను అబెల్ తర్వాత అంతటిదని మెచ్చుకున్నాడు. 1777లో ఆ పాలకుడు పోయాడు. హంగరీకి చెందిన ఎస్టర్‌హాజీ ప్రభువు నికోలస్‌కు గాంబాకు దగ్గరి చుట్టమైన బారిటాన్ మీద మోజు పుడితే, కొలువులో ఉన్న హైడన్ పదేళ్ళలో వందకు పైగా త్రయాలు రాసిచ్చాడు. ప్రభువుకు మోజు తీరాక బారిటాన్ కూడా మూలపడింది.

ఎక్కడ చూసినా వాద్యం ఒక మనిషి ఆయుష్షుకో ఒక మనిషి సరదాకో కట్టుబడి ఉంది. గొంతు చిన్నదవడం కంటే ఇదే పెద్ద బలహీనత. హాల్లో వినిపించే వాద్యానికి టికెట్ కొనేవాళ్ళు వందలమంది పోషకులు. గదిలో వినిపించే వాద్యానికి గది యజమాని ఒక్కడే పోషకుడు. శబ్దం తక్కువ కావడం వాద్యాన్ని నేరుగా చంపలేదు, దాని అన్నదాతల సంఖ్యను తగ్గించింది. (వయొలిన్ మాత్రం ఈ కాలపు చివర్లోనే మద్రాసు దాకా వచ్చి, బాలుస్వామి దీక్షితార్ చేతిలో పడి, మన కచేరీలో స్థిరపడిపోయింది.)

అచ్చు లేకపోవడం దీనికి తోడైంది. హాంబుర్గ్‌లో టెలెమాన్ 1735లో ఒంటరి గాంబాకు పన్నెండు ఫాంటసీలు అచ్చువేసి అమ్మాడు. ఇంట్లో వాయించుకునే జనం కొంటారని లెక్క. గ్రౌన్ కాన్సర్టోలను కొనేదెవరు? వాటిని వాయించగల చేతులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. పైగా జీతం దర్బారు ఇస్తోంది. దాంతో అవి చేతిరాత ప్రతులుగానే ఉండిపోయాయి. కష్టమైన సంగీతాన్ని పుట్టించిన కొలువే దాన్ని బయటికి పోనివ్వకుండా ఆపింది.

యువరాజు చెయ్యి మారింది

ఏడేళ్ళ యుద్ధం (1756–63) బెర్లిన్ సంగీతాన్ని గట్టిగానే దెబ్బతీసింది. ఒపేరా ఆగిపోయింది, వాద్యకారులకు విలువ పడిపోయిన కాగితాలతో జీతాలిచ్చారు. యుద్ధం తర్వాత రాజుకు పాత ఉత్సాహం లేదు. కార్ల్ ఫిలిప్ బాఖ్ 1768లో హాంబుర్గ్ వెళ్ళిపోయాడు.

గాంబాకు మాత్రం ఈ దశలోనే ఇంకో ఆసరా దొరికింది. పిల్లలు లేని ఫ్రెడరిక్‌కు తమ్ముడి కొడుకు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ వారసుడు. 1744లో పుట్టిన ఈ యువరాజు హెస్సే దగ్గర గాంబా నేర్చుకున్నాడు, 1760ల మధ్య నుంచి హెస్సే ఆయన కొలువులోనే ఉన్నాడు. శిష్యుడి కోసం గురువు ఫ్రెంచి ఒపేరాల్లోని ఘట్టాలను గాంబాలకు అమర్చి కట్టలకొద్దీ రాసిపెట్టాడు. ఒకటి యువరాజు, ఇంకొకటి గురువు, పక్కన కొద్ది వాద్యాలు: ఒపేరా మొత్తం గదిలోకి వచ్చేది. ప్యారిస్‌లో ఆంత్వాన్ ఫోర్‌కెరే కొడుకు జాన్-బాప్తిస్త్ 1760ల చివర్లో యువరాజుకు ఉత్తరాలు రాశాడు. కమాను ఎలా నొక్కాలి, ఎడమచెయ్యి ఎలా ఉంచాలి, తీగలు ఎలాంటివి వాడాలి అన్న వివరాలు వాటిలో ఉన్నాయి. ప్యారిస్‌లో వినేవాళ్ళు కరువైన విద్యను అడిగి నేర్చుకునే శిష్యుడు బెర్లిన్‌లో దొరికాడు.

ఆ ముచ్చట ఎక్కువకాలం సాగలేదు. 1771లో అన్న గ్రౌన్, 1772లో హెస్సే పోయారు. 1773లో ప్యారిస్ చెల్లో విద్వాంసుడు జాన్-పియేర్ డ్యుపోర్ బెర్లిన్ వచ్చాడు, యువరాజుకు గురువయ్యాడు. అప్పటికే చెల్లో వైపు చూస్తున్న యువరాజు ఇక గాంబాను పక్కనపెట్టాడు.

ఇది ఒక్క గురువు మారిన ముచ్చట కాదు. ఇళ్ళలో వాయించే సంగీతం ఆకారమే మారిపోతోంది. ఒక విద్వాంసుడు, పక్కన హార్ప్సికార్డ్ అన్న పాత పద్ధతి పోయి నాలుగు తీగవాద్యాలు సమానంగా మాట్లాడుకునే క్వార్టెట్ వచ్చింది. దాంట్లో రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. గాంబాకు కుర్చీ వెయ్యలేదు. కొత్తగా వచ్చే సంగీతం వాయించాలని సరదా ఉన్న యువరాజుకు గాంబా పట్టుకుని కూర్చుంటే పాత ప్రతులే మిగులుతాయి. చెల్లో పడితే యూరప్‌లో ఉన్న గొప్ప రచయితలంతా అందుబాటులోకి వస్తారు.

వచ్చారు కూడా. 1786లో ఆయన రాజయ్యాడు. 1787లో హైడన్ ఆరు క్వార్టెట్లు అంకితమిచ్చాడు. స్పెయిన్‌లో ఉన్న బొక్కెరీని దూరం నుంచే జీతం తీసుకుంటూ రచనలు పంపాడు. 1789 వసంతంలో మొజార్ట్ పోట్స్‌డామ్ వెళ్ళి, ఆ తర్వాత రాజుకోసమని ఆరు క్వార్టెట్లు తలపెట్టి మూడు పూర్తిచేశాడు. 1796లో బెర్లిన్ వచ్చిన బేతోవెన్ అక్కడే రెండు చెల్లో సొనాటాలు రాశాడు. మొజార్ట్ క్వార్టెట్లలో చెల్లో మాటిమాటికీ పై తీగ మీదికెక్కి, వయొలిన్‌తో సమానంగా పాట అందుకుంటుంది. రాజును మెప్పించడానికే ఆ ఎత్తు అని అందరూ అంటారు. అంతకుముందు హెస్సే ఉన్నన్నాళ్ళూ అదే దర్బారులో, అదే ఎత్తులో, అదే మధ్యస్థమైన గొంతుతో పాడిన వాద్యం గాంబా అన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ రాజు చెవికి ఎలాంటి నాదం అలవాటో ఊహించవచ్చు.

కీవ్ నుంచి తిరిగొచ్చిన కట్టలు

విద్వాంసులు పోయాక ప్రతులు మిగిలాయి. 1791లో బెర్లిన్‌లో సింగ్-అకాడమీ అనే గాయక సంఘం మొదలైంది. పాత బెర్లిన్ సంగీతాన్ని ప్రేమించిన కొద్దిమంది తమ సేకరణలను అందులో చేర్చారు. బాఖ్ పెద్దకొడుకు శిష్యురాలు, హార్ప్సికార్డ్ విదుషి సారా లేవీ వాళ్ళలో ఒకరు. 19వ శతాబ్దమంతా ఆ కట్టలు అల్మరాల్లోనే ఉన్నాయి. గాంబా వాయించేవాళ్ళే లేనప్పుడు గాంబా కాన్సర్టో విప్పి చూసేదెవరు?

1943లో బాంబుల భయంతో ఆ భాండాగారాన్ని సైలీషియాలోని (ఇప్పుడు ఎక్కువగా పోలండ్‌లో ఉన్న ప్రాంతం) ఒక కోటకు తరలించారు. యుద్ధం ముగిశాక సోవియట్ సైన్యం దాన్ని పట్టుకుపోయింది. బెర్లిన్‌లో అది కాలిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1999లో హార్వర్డ్ ఆచార్యుడు క్రిస్టోఫ్ వోల్ఫ్, ఆయనతో పనిచేసిన పరిశోధకులు కీవ్‌లో దాని ఆచూకీ తీశారు. ఐదువేలకు పైగా ప్రతులు 2001లో బెర్లిన్‌కు తిరిగొచ్చాయి, ఇప్పుడు అక్కడి స్టేట్ లైబ్రరీలో ఉన్నాయి. గ్రౌన్ సోదరుల రచనలు, ఆ దర్బారు వాద్య సంగీతం అందులో పెద్ద వాటా.

ఈ పాతికేళ్ళలో ఈ కాన్సర్టోలకు అచ్చుప్రతులు, రికార్డింగులు రావడం వెనక ఆ రాక ఉంది. 20వ శతాబ్దంలో గాంబాను తిరిగి నేర్చుకున్న తరాలు బాఖ్, మారే రచనలతో చేతులు తయారు చేసుకుని ఉన్నాయి కాబట్టి కాగితాలు వచ్చేసరికి వాయించగలవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. టెలెమాన్ ఫాంటసీలూ ఇలాగే మాయమై 2015లో దొరికాయి.

ఒక చిక్కు మాత్రం అలాగే ఉంది. 18వ శతాబ్దపు బెర్లిన్ లేఖకులు చాలా ప్రతుల మీద రచయిత పేరు దగ్గర ఉత్త ‘గ్రౌన్’ అని రాసి వదిలేశారు. వాళ్ళకు అన్న ఎవరో తమ్ముడు ఎవరో తెలుసు, రాసుకోవాల్సిన అవసరం కనిపించలేదు. కాన్సర్టోలను వయొలిన్ పట్టిన అన్నవిగా గుర్తించడం కాస్త తేలిక. చిన్న త్రయాలు, సొనాటాల దగ్గరకొస్తే ఇద్దరి చెయ్యీ ఒకేలా ఉంటుంది. 2006లో క్రిస్టోఫ్ హెంజెల్ కూర్చిన రెండు సంపుటాల గ్రౌన్ రచనల పట్టికలో అన్నవి ఒకచోట, తమ్ముడివి ఒకచోట ఉన్నాయి. ఇద్దరిలో ఎవరివో తేలనివాటికి విడిగా ఇంకో భాగం కేటాయించాల్సి వచ్చింది.